పదిహేనో నంబరు రోడ్డు చివరి ఊరు: ఫీనిక్స్ మారిస్కోస్ హోటళ్ళు

ఫీనిక్స్ నగరంలో గార్ఫీల్డ్ వీధీ 16వ వీధీ కలిసే చోటికి దగ్గరలో మారిస్కోస్ ప్లాయా ఎర్మోసా అనే హోటలు ఉంది. స్పానిష్ భాషలో ప్లాయా ఎర్మోసా అంటే అందమైన సముద్రతీరం. నేను ఈ ఊరికి వచ్చిన మొదటి వేసవిలో, ఎండ 109 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన ఒక మధ్యాహ్నం, ఆ బోర్డు ముందు కారు ఆపి దానినే చూస్తూ కూర్చున్నాను. చుట్టూ ఎటు చూసినా ఎడారి. ఊరి మధ్యనుంచి పోయే సాల్ట్ నదిలో ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళుండవు. అరిజోనా రాష్ట్రానికి అసలు సముద్రతీరమే లేదు. అటువంటి చోట రొయ్యలను, ఆల్చిప్పలను, ఆక్టోపస్‌లను నమ్ముకుని బతికే హోటళ్ళు ఊరి నలుమూలలా ఎందుకున్నాయో అప్పుడు నాకు అంతుపట్టలేదు. మారిస్కోస్ అంటే నిజానికి రొయ్యలు, పీతలు, గుల్లలు వంటివి మాత్రమే. వాడుకలో ఆ మాట సముద్రపు తిండి మొత్తానికీ, దానిని వడ్డించే హోటలుకూ కూడా పేరైపోయింది. పదేళ్ళకు పైగా ఆ హోటళ్ళ చుట్టూ తిరిగిన తరువాత, ఆనాటి నా ప్రశ్నకు దొరికిన జవాబును ఇక్కడ రాసుకుంటున్నాను.

మొదట తెలుసుకోవలసింది దూరాల సంగతి. ఫీనిక్స్‌కు అన్నిటికంటే దగ్గరి సముద్రం కాలిఫోర్నియాలో లేదు, మెక్సికోలో ఉంది. శాన్ డియేగో చేరాలంటే సుమారు 350 మైళ్ళు వెళ్ళాలి; సొనోరా రాష్ట్రంలోని ప్వెర్తో పెన్యాస్కో అనే రేవుపట్నం మాత్రం 210 మైళ్ళ దూరంలోనే ఉంది. హీలా బెండ్, ఆహో, వై అనే చిన్న ఊళ్ళ మీదుగా, కొమ్మలు కొమ్మలుగా నేలనుంచే లేచే ఆర్గన్ పైప్ జెముడు చెట్ల జాతీయ వనం దాటుకుని, లూక్‌విల్ దగ్గర సరిహద్దు దాటి, మరో 60 మైళ్ళు పోతే కాలిఫోర్నియా సింధుశాఖ నీళ్ళు కనిపిస్తాయి. ఇక్కడివాళ్ళు ఆ పట్నాన్ని రాకీ పాయింట్ అని పిలుస్తారు. సెలవులకు వెళ్ళినవాళ్ళు ఐస్‌పెట్టెల్లో రొయ్యలు నింపుకుని సాయంత్రానికల్లా తిరిగి వస్తారు. లూక్‌విల్ గేటు రాత్రి 8 గంటలకు మూసేస్తారు కాబట్టి ఆ ప్రయాణంలో ఎవరూ ఆలస్యం చేయరు. 2023 డిసెంబరు 4న ఆ గేటును పూర్తిగా మూసివేసి, మళ్ళీ 2024 జనవరి 4న గాని తెరవలేదు. ఆ నెలరోజులూ పెన్యాస్కో ఎంత విలవిలలాడిందో చూసినవాళ్ళకు ఈ రెండు ఊళ్ళ బంధం ఎంత దగ్గరిదో తెలిసి ఉంటుంది.

ఈ బంధం హోటళ్ళతో మొదలైంది కూడా కాదు. ఫీనిక్స్ ఉన్న ఈ లోయలో వెయ్యేళ్ళ కిందట కాలువలు తవ్వి వ్యవసాయం చేసిన హోహోకామ్ ప్రజలు, ఆ సింధుశాఖ నుంచే గవ్వలను, గుల్లలను తెప్పించుకుని గాజులు, పూసలు చేసుకునేవారు. గుల్ల మీద జిగురు పూసి, పూయని భాగాన్ని పుల్లని రసంతో కరిగించి బొమ్మలు చెక్కే పద్ధతి కూడా వారికి తెలుసు. ఆ రసం పులియబెట్టిన సాగ్వారో జెముడు పండ్లది అయి ఉండవచ్చునని పురావస్తు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. వాషింగ్టన్ వీధిలోని సెదవ్ వాఆకి మ్యూజియం, ఇంతకుముందు ప్వెబ్లో గ్రాందే అని పిలిచినది, ఆ ప్రజలు కట్టిన దిబ్బ పక్కనే ఉంది. తోహోనో ఓధమ్ అనే ఆదివాసీ తెగ యువకులు ఉప్పు కోసం ఈ ఎడారి నుంచి సముద్రం దాకా నడిచి వెళ్ళే యాత్రను ఒక వ్రతంగా పాటించేవారు. ఈ నేల మీద నిలబడి సముద్రం దూరమని అనుకోవడం మాబోటి కొత్తవాళ్ళకే చెల్లింది.

అయితే పెన్యాస్కో ఒక్కటే జవాబు కాదని నాకు తెలియజెప్పినవాడు ఆఫీసులో నా పక్క బల్ల దగ్గర పనిచేసిన ఒక మిత్రుడు. అతను సినలోవా రాష్ట్ర రాజధాని కులియకాన్‌లో పుట్టి పెరిగాడు. ఒకరోజు భోజనం ముగిశాక కాగితం రుమాలు మీద నిలువుగా ఒక గీత గీసి, దాని పొడవునా ఊళ్ళ పేర్లు రాశాడు: పైన నొగాలెస్, దాని కింద ఎర్మొసియో, గ్వైమాస్, ఒబ్రెగోన్, కులియకాన్, మసత్లాన్, అన్నిటికంటే కింద తెపిక్. అది మెక్సికో 15వ నంబరు జాతీయ రహదారి. మసత్లాన్ నుంచి నొగాలెస్ వరకు సుమారు 1,200 కిలోమీటర్లు. సరిహద్దు దాటాక అదే దారి 19వ నంబరు ఇంటర్‌స్టేట్‌గా టూసాన్ చేరి, అక్కడ 10వ నంబరులో కలిసి ఫీనిక్స్‌కు వస్తుంది. అమెరికాలో దూరాలను కిలోమీటర్లలో రాసిన ఇంటర్‌స్టేట్ అదొక్కటే అన్నది అతను నవ్వుతూ చెప్పిన మాట. ఆ గీత చివర, నొగాలెస్‌కు పైన, అతను ఫీనిక్స్ పేరు కూడా రాశాడు. ఆ తరువాత ఇక్కడి ఏ మారిస్కోస్ మెనూ చూసినా నాకు ఆ గీతే కనిపిస్తుంది: ఒక్కొక్క వంటకం ఆ రోడ్డు మీది ఒక్కొక్క ఊరు.

ఆ రోడ్డు మీద మనుషులతో పాటు సరుకూ వస్తుంది. చలికాలంలో అమెరికా తినే టమాటాల్లోను, కీరదోసకాయల్లోను పెద్ద భాగం సినలోవా పొలాల నుంచి నొగాలెస్ మీదుగా దిగుమతి అయ్యేదే. రొయ్యల పళ్ళెంలో సన్నగా తరిగి పేర్చిన కీరా ముక్కలు కూడా ఆ దారినే వచ్చాయన్న సంగతి తెలిశాక, ఈ హోటళ్ళు సముద్రానికి దూరమన్న మాటే నాకు అర్థంలేనిదిగా తోచింది.

సినలోవా పేరు చెప్పగానే మొదట మాట్లాడవలసినది అగువాచీలే. ఆ పదానికి మిరపనీళ్ళు అని అర్థం. సినలోవా కొండప్రాంతాల్లో పూర్వం ఎండబెట్టిన మాంసాన్ని చిల్తెపీన్ మిరపకాయలు నలిపిన నీళ్ళలో నానబెట్టుకుని తినేవారనీ, తీరప్రాంతంలో ఆ మాంసం స్థానంలోకి రొయ్యలు వచ్చాయనీ చెబుతారు. ఇప్పుడు ప్రపంచానికి తెలిసినది ఆ రొయ్యల అగువాచీలేయే. పచ్చి రొయ్యలను వీపు మీద నిలువునా చీల్చి పుస్తకంలా విప్పి పళ్ళెంలో పరుస్తారు. నిమ్మరసం, సెర్రానో పచ్చిమిరప, కొత్తిమీర, ఉప్పు కలిపి రుబ్బిన ఆకుపచ్చని రసాన్ని వాటి మీద పోస్తారు. పైన ఎర్ర ఉల్లిపాయ చక్రాలు, కీరా ముక్కలు చల్లుతారు. ఆర్డరు ఇచ్చిన తరువాత కొద్ది నిమిషాల్లోనే అది బల్ల మీదికి రావాలి. రొయ్య అంచులు తెల్లబడి, నడుమ ఇంకా గాజులా పారదర్శకంగా ఉన్నప్పుడే దాని రుచి. సెవీచేలో చేపను నిమ్మరసంలో ఎక్కువసేపు ఊరనిస్తారు కాబట్టి అది పూర్తిగా తెల్లబడి గట్టిపడుతుంది. ఈ రెండింటికీ తేడా ఈ సమయంలోనే ఉంది. ఆ తేడాను పాటించని హోటల్లో అగువాచీలే తినడం కంటే వేయించిన చేప తినడమే మేలని నా అభిప్రాయం.

చిల్తెపీన్ గురించి ఇంకొంచెం చెప్పకుండా ఉండలేను. మిరియపు గింజంత ఉండే ఈ గుండ్రని మిరపకాయ సాగుచేసిన పంట కాదు, అడవిది. సొనోరా, సినలోవా కొండల్లో ముళ్ళ చెట్ల నీడన పెరిగే పొదల నుంచి దీనిని ఒక్కొక్కటిగా చేత్తో ఏరుతారు. పక్షులకు మిరప కారం తెలియదు కనుక అవి ఈ పండ్లను తిని, గింజలను అడవంతా వెదజల్లుతాయి. ఈ మొక్క ఉత్తరాన అరిజోనా దాకా వ్యాపించింది. టూసాన్‌కు దక్షిణాన తుమకాకొరి కొండల్లో దీనికోసమే ఒక రక్షిత ప్రాంతం ఉంది. దీని కారం నాలుక మీద ఒక్కసారిగా భగ్గుమని, కొద్దిసేపటికే చల్లారిపోతుంది. మనకు అలవాటైన ఎండుమిరప కారంలా గొంతులో కూర్చోదు. నేను వెళ్ళే ఒక బండి దగ్గర బల్ల మీద చిన్న చెక్క రోలులో చిల్తెపీన్ పెట్టి ఉంచుతారు. తినేవాళ్ళే ఎంత కావాలో అంత నలుపుకుని చల్లుకోవాలి. ఆ రోలు కనిపిస్తే చాలు, ఆ హోటలువాళ్ళు సొనోరా వైపు నుంచి గాని సినలోవా వైపు నుంచి గాని వచ్చి ఉంటారని ఊహించవచ్చు.

అగువాచీలేలో నల్లనిదీ ఒకటుంది. మాగీ ద్రావణం, సోయా సాస్, ఇంగ్లీషు సాస్ అని వాళ్ళు పిలిచే వూస్టర్‌షైర్ సాస్ కలిపి, మాడ్చిన మిరపకాయలతో చేసే ఆ రసానికి నిమ్మపులుపు తోడైతే నాలుకకు వింత దాహం పుడుతుంది. మా ఆవిడ ఆకుపచ్చదాన్ని వదిలి మరొకటి ముట్టదు. నేను మాత్రం ఈ నల్లదాని వైపే. మా ఇద్దరికీ రెండు పళ్ళేలు తెప్పించుకుంటే 45 డాలర్ల దాకా అవుతుంది కాబట్టి, చాలాసార్లు ఎవరో ఒకరు సర్దుకోవలసి వస్తుంది.

వేసవిలో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు చల్లని రొయ్యల వంటకమైన కోక్తెల్ విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2023లో జూన్ 30 నుంచి జూలై 30 వరకు వరుసగా 31 రోజులు ఇక్కడ ఎండ 110 డిగ్రీలకు తగ్గలేదు. అంటే సెల్సియస్‌లో 43 పైమాటే. ఆ నెలలో పొయ్యి వెలిగించాలంటేనే భయం వేసేది. పెద్ద గాజు గ్లాసులో ఉడికించి చల్లార్చిన రొయ్యలు, వాటి ఉడికిన నీళ్ళు, టమాటా రసం, నిమ్మరసం, సన్నగా తరిగిన ఉల్లి, కీరా, కొత్తిమీర, పైన అవకాడో ముక్కలు వేసి చల్లగా ఇస్తారు. పక్కన ఉప్పు బిస్కెట్ల పొట్లాలు పెడతారు. రొయ్యలతో పాటు ఆక్టోపస్, ఆల్చిప్పలు కూడా కలిపితే దానిని కంపెచానా అంటారు. అన్నీ కలిపిన మరో రకానికి వ్వెల్వే ఆ లా వీదా, అంటే తిరిగి ప్రాణం పొందు, అని పేరు. రాత్రంతా తాగినవాళ్ళకు ఉదయం దీనితో తేరుకోవచ్చన్న నమ్మకం నుంచి ఆ పేరు వచ్చింది. నాకు తాగుడు అలవాటు లేదు గాని, జూలై మధ్యాహ్నం రెండు గంటలకు ఆ పేరు ఎంత తగినదో అనుభవం మీద చెప్పగలను. నీళ్ళలా పలచగా, సముద్రపు ఉప్పు తెలిసేలా ఉన్న కోక్తెలే మంచిది. కెచప్ వాసన ముందుగా తగిలితే అందులో రొయ్యలు ఉడికించిన నీళ్ళు తక్కువని తెలుసుకోవాలి.

ఇక తాజాదనం సంగతి. ఈ విషయంలో నాకు చాలాకాలం ఒక భ్రమ ఉండేది. రొయ్య నిన్న సముద్రంలో ఉండి ఇవాళ పళ్ళెంలోకి వచ్చిందని అనుకునేవాణ్ణి. మెక్సికో పసిఫిక్ తీరంలో సముద్రపు రొయ్యల వేటకు ఏటా మార్చి ప్రాంతం నుంచి సెప్టెంబరు దాకా నిషేధం ఉంటుంది. దానిని వేదా అంటారు. రొయ్యలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే గడువు అది. కాబట్టి వేసవిలో ఇక్కడ తినే రొయ్య, వేటదైతే గడచిన సీజనులో గడ్డకట్టించినది అయి ఉంటుంది, లేకపోతే చెరువులో పెంచినదై ఉంటుంది. అమెరికాలో అమ్ముడయ్యే రొయ్యల్లో అత్యధిక భాగం దిగుమతి అయినదే, అందులోనూ ఎక్కువ భాగం గడ్డకట్టించి వచ్చినదే. సరిగా గడ్డకట్టించి, సరిగా కరిగించిన రొయ్య రెండు రోజులు ఐసు మీద నలిగిన రొయ్య కంటే ఎన్నో రెట్లు నయమని ఒక వంటమనిషి నాకు రెండింటినీ పక్కపక్కన పెట్టి వాసన చూపించి నిరూపించాడు. ఆనాటి నుంచి గడ్డకట్టించిన సరుకు అన్న మాటను నేను నిందగా వాడడం మానేశాను.

ఒకసారి మేసా ఊళ్ళో, వంటగది తలుపు తెరిచి ఉన్నప్పుడు, ఫ్రీజరు పక్కన పేర్చిన అట్టపెట్టెల మీద భారతదేశపు సరుకు అన్న ముద్ర కనిపించింది. అమెరికాకు రొయ్యలు పంపే దేశాల్లో భారత్‌దే మొదటి స్థానమని, అందులో ఆంధ్రప్రదేశ్ చెరువులదే పెద్ద వాటా అని తెలిసినవాడికి అందులో ఆశ్చర్యం లేదు. నన్ను నిలబెట్టినది వేరే సంగతి. మన చెరువుల్లో ఇప్పుడు పెరిగే వనామీ రొయ్య మన సముద్రాలది కాదు. దాని స్వస్థలం సొనోరా తీరం నుంచి పెరూ ఉత్తర తీరం వరకు ఉన్న పసిఫిక్ జలాలు. 2009లో భారత ప్రభుత్వం దానిని పెంచడానికి అనుమతించింది. సొనోరా రొయ్య గోదావరి చెరువుల్లో పెరిగి, ఓడ ఎక్కి, సొనోరా తీరానికి నాలుగు గంటల దూరంలోని హోటల్లో సినలోవా వంటవాడి చేతిలో అగువాచీలే అయింది. ఆ రోజు ఆ పళ్ళెం ముందు నేను మామూలు కంటే నెమ్మదిగా తిన్నాను.

సముద్రపు వేట గురించి మాట్లాడుతూ వకీతా పేరు ఎత్తకపోతే తప్పు చేసినవాణ్ణి అవుతాను. డాల్ఫిన్‌కు చుట్టమై, సముద్రపు పంది అని చెప్పుకోదగిన ఈ చిన్న జలచరం, కళ్ళ చుట్టూ నల్లని వలయాలతో, ప్రపంచంలో కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తర కొసన తప్ప మరెక్కడా లేదు. తొతోవాబా అనే పెద్ద చేప గాలితిత్తికి చైనాలో పలికే ధర కోసం దొంగతనంగా వేసే వలల్లోను, రొయ్యల కోసం వేసే గిల్ వలల్లోను చిక్కి ఊపిరాడక అవి చచ్చిపోయాయి. ఇటీవలి సర్వేల్లో మిగిలి ఉన్నవి పదికి అటూ ఇటూగానే తేలాయి. వకీతా తిరిగే ప్రాంతంలో గిల్ వలలతో పట్టిన రొయ్యలను, చేపలను అమెరికా 2020లో దిగుమతి నుంచి నిషేధించింది. నేను అప్పటి నుంచి, రొయ్య ఎక్కడిదని వడ్డించేవారిని మర్యాదగా అడగడం అలవాటు చేసుకున్నాను. చాలామందికి జవాబు తెలియదు, కొందరు వంటగదిలోకి వెళ్ళి పెట్టె చూసి వచ్చి చెబుతారు. అలా చూసి వచ్చి చెప్పిన హోటళ్ళకు నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను.

పచ్చివి తినడంలో ప్రమాదం లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. నిమ్మరసపు పులుపుకు మాంసకృత్తులు బిగుసుకుని రంగు మారుతాయి గాని, సూక్ష్మజీవులన్నీ చావవు. కొన్నేళ్ళ కిందట ఆగస్టు నెలలో పడమటి శివారులోని ఒక హోటల్లో అరడజను పచ్చి ఆల్చిప్పలు తిని రెండు రోజులు మంచం పట్టాను. ఆ హోటలు పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజు లోపల మేమిద్దరం తప్ప ఎవరూ లేరన్నది, నేను అప్పుడే లేచి రావలసిందన్నది మాత్రం చెప్పుకోవాలి. ఆల్చిప్పల ప్రతి సంచికీ అవి ఏ నీళ్ళలో, ఏ తేదీన తీసినవో రాసిన చీటీ ఉంటుంది. ఆ సంచి ఖాళీ అయ్యాక కూడా 90 రోజులపాటు హోటలువాళ్ళు ఆ చీటీని దాచి ఉంచాలన్నది ఇక్కడి నియమం. అడిగితే చూపించేవాళ్ళున్నారు. గిరాకీ ఎక్కువున్న చోట సరుకు నిలవ ఉండదు. అందుకే శని, ఆదివారాల్లో కుర్చీల కోసం నిలబడవలసి వచ్చే హోటలులోనే నేను పచ్చివి తింటాను. గర్భిణులకు, చిన్నపిల్లలకు, జబ్బుతో ఉన్నవారికి ఎక్కడైనా సరే ఉడికినవే పెట్టించండి.

ఉడికినవాటిలో నా మనసు దోచినది కావామంతా. ఇది సొనోరాది, ముఖ్యంగా ఒబ్రెగోన్ వైపుది. సముద్రపు తాబేలును అక్కడ కావామా అంటారు. మంతా అంటే పెద్ద టేకు చేప. పూర్వం తాబేలు మాంసంతో చేసే పులుసు ఇది. తాబేళ్ళు తరిగిపోవడంతో 1990లో మెక్సికో వాటి వేటను పూర్తిగా నిషేధించింది. వంటవాళ్ళు తాబేలు స్థానంలో టేకు చేపను వేసి, రెండు పేర్లనూ కలిపి ఈ పేరు పెట్టారు. పేరులో మంతా ఉన్నా, కుండలో ఉడికేవి సాధారణంగా చిన్నజాతి టేకు చేపలే. టమాటా, ఎండుమిరప, క్యారెట్, బిరియానీ ఆకు వేసి కాచిన ఎర్రని పులుసులో పీచుపీచుగా విడిపోయే ఆ మాంసం, నాలుగు రొయ్యలు, పైన సన్నగా తరిగిన క్యాబేజీ, ఉల్లిపాయ. దీనిని గిన్నెలోనైనా తినవచ్చు, తోర్తియా రొట్టెలో చుట్టుకుని టాకోగానైనా తినవచ్చు. ముక్కలు లేని ఉత్త పులుసును బిచి అంటారు. సొనోరా వాడుకలో బిచి అంటే బట్టలు లేనివాడు. ఆ మాట వినగానే పక్క బల్ల దగ్గరి పిల్లలు కిసుక్కుమనడం నేను చాలాసార్లు విన్నాను.

మా అమ్మ ఇక్కడికి వచ్చి ఉన్న ఆరు నెలల్లో హోటలు తిండిని పెద్దగా ఇష్టపడలేదు. ఒక ఆదివారం ఉదయం బలవంతాన తీసుకువెళ్ళి ఆమె ముందు కావామంతా గిన్నె పెట్టించాను. నిమ్మబద్ద పిండి, నాలుగు చిల్తెపీన్లు నలిపి వేసి ఇచ్చాను. రెండు గరిటెలు తాగి, "ఒరే, చింతపండు లేకుండా దీనికి ఇంత పులుపు ఎక్కడినుంచి వచ్చిందిరా?" అని అడిగింది. టమాటా, నిమ్మకాయ అని చెప్పాను. నమ్మలేదు, వడ్డించే ఆవిడను పిలిపించి సైగలతో అడిగించింది. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక గిన్నెడు బిచి ఉచితంగా తెచ్చి అమ్మ ముందు పెట్టి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది. అమ్మ ఆ తరువాత ప్రతి ఆదివారం తయారై కూర్చునేది.

తెపిక్ ఉన్న నయరీత్ రాష్ట్రపు తీరానిది పెస్కాదో సరందెయాదో. మెక్స్‌కాల్తితాన్ దీవిలో పుట్టిందని చెప్పే ఈ వంటకంలో చేపను వీపు వైపు నుంచి చీల్చి పరచి, మిరప, వెల్లుల్లి మసాలా పట్టించి, జల్లెడ వంటి ఇనుప చట్రంలో బిగించి నిప్పుల మీద కాలుస్తారు. అక్కడ మడచెట్ల కట్టె వాడేవారు. ఈ ఎడారిలో కొన్నిచోట్ల మెస్కీట్ చెట్ల బొగ్గు మీద కాలుస్తారు, ఆ పొగ వాసన దీనికి బాగానే పొసగింది. ముగ్గురు లేనిదే దీనిని తెప్పించుకోవద్దు. దానిమీద చల్లుకునే చెక్కమూత సీసా సాస్, వీచోల్, 1949 నుంచి తెపిక్‌లోనే తయారవుతోంది. రొయ్యలు, జున్ను, పొబ్లానో మిరప నింపిన గొబెర్నదోర్ (గవర్నరు) టాకో మసత్లాన్‌ది. ఒకప్పటి రాష్ట్ర గవర్నరు లబాస్తీదా కోసం లోస్ ఆర్కోస్ అనే హోటల్లో దానిని తయారుచేశారని చెబుతారు. అది బాగానే ఉంటుంది, కాని అంత దూరం వెళ్ళి జున్నుతో కడుపు నింపుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఈ హోటళ్ళలో సంగీతం చెవులు హోరెత్తేలా ఉంటుందన్నది నిజమే. సినలోవా బాజా మేళమైన బాందాలో తూబా, తంబోరా, క్లారినెట్లు కలిసి మోగుతుంటే ఎదుటి మనిషి మాట వినిపించదు. మసత్లాన్‌లో స్థిరపడిన జర్మన్లు 1900లో అక్కడ పసీఫికో బీరు కంపెనీ పెట్టారు, వాళ్ళ ఊరేగింపు బాజాల ప్రభావం ఈ సంగీతం మీద ఉందని అంటారు. ఆదివారం మధ్యాహ్నం మూడు తరాల కుటుంబాలు పొడవాటి బల్లల చుట్టూ కూర్చుని, తాతగారు డబ్బులిచ్చి అడిగిన పాటను బాందావాళ్ళు ఆయన చెవి దగ్గరే వాయిస్తుంటే, ఆయన కళ్ళు మూసుకుని వినడం నేను చూశాను. ఆయన ఏ ఊరివాడో నాకు తెలియదు గాని, ఆ రోడ్డు మీది ఏదో ఒక ఊరివాడే అయి ఉంటాడు.

ఎక్కడ వెతకాలని అడిగేవారికి నేను చెప్పేది 16వ వీధి, మెక్‌డవెల్ రోడ్డు, పడమట మేరీవేల్, తూర్పున మేసా మెయిన్ వీధి. మెక్‌డవెల్ మీది శాన్ కార్లోస్ బే పేరు గ్వైమాస్ పక్కనున్న సముద్రపు ఖాతానిది. 16వ వీధిలో 2010 నుంచి గోడల మీద వెలసిన పెద్దపెద్ద చిత్రాలను చూసుకుంటూ నడిస్తే ఆకలి తెలియకుండానే పెరుగుతుంది. ఆ ఏడే అరిజోనాలో వలస వచ్చినవారి పత్రాలను పోలీసులు అడిగే చట్టం వచ్చింది. ఆ బొమ్మలు దానికి ఈ వీధి ఇచ్చిన సమాధానం.

నేను ఎక్కువగా వెళ్ళేది మాత్రం గ్వాదలూపే వైపు. ఫీనిక్స్‌కు, టెంపీకి మధ్య ఒక చదరపు మైలు కూడా లేని ఆ చిన్న ఊరు యాకీ ప్రజలది. గ్వైమాస్‌కు దక్షిణాన యాకీ నది ఒడ్డున ఉండిన తమ ఊళ్ళ మీద మెక్సికో ప్రభుత్వం సాగించిన దాడుల నుంచి తప్పించుకుని, 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దం మొదటా వాళ్ళు ఉత్తరానికి వచ్చారు; ఆ 15వ నంబరు రోడ్డు ఇంకా లేని కాలంలో దాదాపు అదే దారి పట్టి నడిచారు. ఈస్టరుకు ముందు 40 రోజుల ఉపవాస కాలంలో అక్కడి చర్చి ముందు మైదానంలో యాకీల వ్రతాలు, ఊరేగింపులు జరుగుతాయి. ఫొటోలు తీయడం నిషేధం. ఆ కాలంలో శుక్రవారాలు కాథలిక్కులు మాంసం ముట్టరు, చేపలకు, రొయ్యలకు మాత్రం అడ్డు లేదు కనుక ఊళ్ళోని మారిస్కోస్ హోటళ్ళన్నీ ఉదయం నుంచే కిటకిటలాడతాయి. మార్చిలో వేదా మొదలయ్యేదీ దాదాపు అప్పుడే.

పోయిన ఏడు ఆ ఉపవాస కాలపు చివరి శుక్రవారం సాయంత్రం ఊరేగింపు అయ్యాక, దుమ్ముకొట్టుకున్న చెప్పులతో, ఆ దగ్గరలో నిలిపిన ఒక బండి ముందు వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి కావామంతా అయిపోయింది. బిచి మాత్రం ఉందని, కుండ అడుగున మిగిలినది కాబట్టి ఘాటుగా ఉంటుందని బండి ఆమె ముందే చెప్పింది. రెండు కాగితం గ్లాసుల్లో పోసి, వాటి అంచుల మీద నిమ్మబద్దలు పెట్టి ఇచ్చింది. మా ఆవిడ తన గ్లాసు ఖాళీ చేసి, నా గ్లాసు వైపు చెయ్యి చాపింది.